పిల్లను చూసుకున్నందుకా, జాగ ఆపినందుకా? ఇంటి డే కేర్ ఫీజు చుట్టూ ఉన్న చిక్కుముడి

"అక్కా, జాతరకు పోయినం గదా, వారం రోజులు బాబును పంపియ్యలే. ఈ నెల ఫీజుల ఆ వారం తీసేస్తవా?"

రెండేళ్లకోసారి మేడారం జాతర ముగిసిన వారంలో హనుమకొండ, కాజీపేట, వరంగల్‌లలో ఇంట్లోనే డే కేర్ నడిపే ఆడవాళ్లకు ఈ ప్రశ్న తప్పదు. బతుకమ్మ, దసరా సెలవులు అయ్యాక ఇదే ప్రశ్న. వానకాలంలో పిల్లకు వైరల్ జ్వరం వచ్చి పది రోజులు ఇంట్లోనే ఉంటే మళ్లీ ఇదే. అడిగే తల్లి గొంతులో దబాయింపు ఉండదు, వినే ఆమె మనసులో పిసినారితనం ఉండదు. అయినా ఆ ఒక్క మాట దగ్గరే ఏడాదిగా సాగిన సోపతి చెడిపోతుంది.

నేను చిన్న దుకాణాలకు, ట్యూషన్ సెంటర్లకు లెక్కలు రాస్తాను. మా వదిన ఇంట్లో పిల్లలను చూసుకుంటుంది, ఆమె పుస్తకం కూడా నా దగ్గరే ఉంటుంది. కిరికిరి పెట్టే తల్లిదండ్రులు ఒక బాధ, డబ్బులు నిలవకపోవడం ఇంకో బాధ అని ఆమె వేర్వేరుగా చెప్పుకునేది. పుస్తకంలో చూస్తే రెండూ ఒకే ముడికి రెండు కొసలు. ఫీజు దేనికి ఇస్తున్నామన్నది ఇచ్చేవాళ్లకు ఒకలా, తీసుకునేవాళ్లకు ఇంకోలా అర్థమవుతోంది. ఆ ముడి ఎట్లా పడుతుందో మొదటి నుంచి చూద్దాం.

ఇంటి డే కేర్ ఎందుకు అవసరమవుతోంది

చిన్న పిల్లలను ఉంచే చోట్లు ఊళ్లో కొన్ని రకాలున్నాయి. అంగన్‌వాడీ ప్రభుత్వానిది, ఫీజు లేదు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటలతో చదువు, అంతకన్నా చిన్నవాళ్లకు ఇంటికి బాలామృతం అనే పోషకాహార పిండి ఇస్తారు. ప్లే స్కూల్ చాలావరకు మధ్యాహ్నంతో ముగుస్తుంది. క్రెష్ అంటే పనిచేసే చోటనే, లేదా దానికి దగ్గరలో, ఉద్యోగుల పిల్లల కోసం పెట్టేది. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం 50 మంది, అంతకన్నా ఎక్కువ మంది ఉద్యోగులున్న సంస్థ క్రెష్ సౌకర్యం కల్పించాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చనీ చెప్పింది. వేతనంతో కూడిన ప్రసూతి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచింది కూడా ఆ సవరణే. మొదటి ఇద్దరు పిల్లల వరకు ఆ సెలవు వర్తిస్తుంది.

దీని ఫలితం వదిన ఇంటి గుమ్మంలో కనబడుతుంది. సెలవు దొరికిన ఉద్యోగిని బిడ్డ సరిగ్గా ఆరు నెలలు నిండగానే వస్తుంది. నయీంనగర్‌లో బట్టల షాపులోనో, పది మంది కూడా లేని క్లినిక్‌లోనో పనిచేసే తల్లికి ఈ చట్టం అందదు కాబట్టి ఆమె బిడ్డ ఇంకా ముందే వస్తుంది. మడికొండ ఐటీ కంపెనీల వాళ్లు, ఎంజీఎంలో షిఫ్టు డ్యూటీ చేసే నర్సులు, కాలేజీ లెక్చరర్లు, షాపు అమ్మాయిలు అందరూ ఒకే గుమ్మం ముందు చెప్పులు విడుస్తారు. వీళ్ల జీతాలు వేరు, జీతం పడే తారీఖులు వేరు. ఇది గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

పది మంది పిల్లలున్న ఇంటి నెల లెక్క

ఒక ఊహా లెక్క వేద్దాం. అంకెలు ఇంటింటికీ మారతాయి, లెక్క నడిచే తీరు మారదు. పది మంది పిల్లలు, ఒక్కొక్కరికి నెలకు 4,000 ఫీజు. పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర దాకా, నెలకు 26 రోజులు.

ఖర్చులు రెండు రకాలు. పిల్లలు వచ్చినా రాకపోయినా తప్పనివి మొదటి రకం. ఇంటి కిరాయిలో పిల్లలు వాడే రెండు గదుల వాటా 5,000, ఆయా జీతం 9,000, కరెంటు 1,500, నీళ్ల క్యాన్లు, ఫినాయిల్, నెట్, బొమ్మలు, చిన్నచిన్న రిపేర్లు 2,500. మొత్తం 18,000. రెండో రకం పిల్లల లెక్కన పెరిగేవి: పాలు, అరటిపండు, సాయంత్రం ఉప్మా. పిల్లకు నెలకు 500 అనుకుందాం.

వసూలు 40,000. తిండి ఖర్చు 5,000, తప్పనిసరి ఖర్చు 18,000 పోతే మిగిలేది 17,000. ఆమె పనిచేసేది రోజుకు పది గంటలు, నెలకు 260 గంటలు. గంటకు 65 రూపాయలు పడుతుంది.

మొదటి ఐదుగురు పిల్లల ఫీజులో ఆమెకు ఒక్క రూపాయి మిగలదు. తిండి పోను ఒక్కో పిల్ల మీద వచ్చేది 3,500. ఐదుగురి మీద 17,500. అది 18,000 తప్పనిసరి ఖర్చుకు కూడా పూర్తిగా చాలదు. ఆరో పిల్ల నుంచి ఆమె జీతం మొదలవుతుంది. అందుకే ఆరుగురున్న చోట ఒకరు మానేస్తే "ఒక్కరే కదా" అనడానికి లేదు.

జాతర వారం కోత: ఫీజులో నాలుగో వంతుకు తక్కువ, చేతికొచ్చేదాంట్లో సగం

ఇప్పుడు జాతర ప్రశ్నకు వద్దాం. పది మందీ ఆరు రోజులు రాలేదు, ఆ ఆరు రోజుల ఫీజు తీసేయమన్నారు. 26 రోజులకు 4,000 అయితే ఆరు రోజులకు 923. పది మందికి 9,230. ఆ ఆరు రోజులూ తిండి మీద ఆదా అయ్యేది సుమారు 1,150. మిగతా 18,000 ఖర్చులో రూపాయి తగ్గదు. జాతరకు సెలవిచ్చామని ఆయా జీతం కోయలేం, ఇంటి ఓనరు కిరాయి తగ్గించడు.

అంటే ఆమెకు మిగిలే 17,000 కాస్తా 8,900కు వస్తుంది. తల్లిదండ్రులకు కనిపించే కోత 23 శాతం. ఆమెకు తగిలేది 47 శాతం. ఒక్కొక్కరు 923 రూపాయలు అడిగినప్పుడు అది చిన్న కోరికే. పది చిన్న కోరికలు కలిస్తే ఆ నెలకు ఆమె జీతం సగమైపోతుంది.

డే కేర్ నడిపేవాళ్లు తమ వైపు నుంచి చెప్పే మాట ఇదే. ఫీజు పిల్ల వచ్చిన రోజులకు కూలి కాదు, ఆ పిల్ల పేరు మీద ఆపిపెట్టిన జాగకు కిరాయి. బాబు రాని ఆరు రోజులకు ఆ జాగను ఇంకొకరికి ఇవ్వలేం. తాళం వేసి ఊరికి పోయినా ఇంటి కిరాయి కట్టినట్టే ఇదీ.

తల్లిదండ్రుల లెక్క కూడా లెక్కే

ఈ వాదన విని చాలామంది అక్కడే ఆగిపోతారు. నేనూ కొన్నాళ్లు అట్లే ఆగిపోయాను. తర్వాత ఒక తల్లి మాటతో ఇంకో వైపు కనబడింది. షాపులో పనిచేసే ఆమె జీతం 14,000. అందులో 4,000 డే కేర్‌కే పోతుంది, అంటే నాలుగో వంతు కన్నా ఎక్కువ. బిడ్డకు జ్వరం వచ్చి ఆమె ఐదు రోజులు పనికి పోకపోతే షాపు ఓనరు ఐదు రోజుల జీతం కోస్తాడు. "నేను పోకపోతే నాకు కోస్తరు, నా బిడ్డ రాకపోతే మీరెందుకు కోయరు?" అని ఆమె అడిగింది. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. తనకు జీతమిచ్చే పద్ధతే ఆమెకు న్యాయం లెక్క నేర్పింది.

బ్యాంకులోనో, ప్రభుత్వ కాలేజీలోనో పనిచేసేవాళ్లకు సెలవు రోజులకూ జీతం వస్తుంది. వాళ్లకు నెల ఫీజు అన్నది సహజంగా తోస్తుంది, ఎక్కువగా ప్రశ్నించరు. అందుకే వాళ్లు మంచి తల్లిదండ్రులు, షాపు అమ్మాయి కిరికిరి మనిషి అని పేరు పడిపోతుంది. అది మనుషుల గుణాన్ని బట్టి వచ్చిన తేడా అని నేను అనుకోను. జీతం తీరును బట్టి వచ్చిన తేడా.

పోనీ, వచ్చిన రోజుకే ఫీజు అనుకుంటే? చాలామంది రోజుకు 154 రూపాయలు అనుకుంటారు, 4,000ను 26తో భాగించి. కానీ పిల్లలు సగటున నెలకు 20 రోజులే వస్తే 154 లెక్కన వచ్చేది 3,080. ఇల్లు నడవాలంటే రోజు ఫీజు 200 పెట్టాలి. నెలంతా క్రమం తప్పకుండా వచ్చే పిల్ల తల్లి అప్పుడు 5,200 కట్టాల్సి వస్తుంది. రోజు లెక్క తక్కువగా వచ్చేవాళ్లకు లాభం, రోజూ వచ్చేవాళ్లకు భారం. షాపు అమ్మాయి బిడ్డే అందరికన్నా ఎక్కువ రోజులు వస్తుంది కాబట్టి, ఆమె అడిగిన పద్ధతే చివరికి ఆమెకు నష్టం. వదిన ఒక కాగితం మీద ఈ రెండు అంకెలూ రాసి చూపిస్తే ఆమె చాలాసేపు చూసి, "గిట్లైతే నెల లెక్కే ఉండనియ్యక్కా" అన్నది.

మధ్యదారులు కూడా ఉన్నాయి. వరుసగా 15 రోజులు దాటి రాకపోతే నిజంగా ఆదా అయిన తిండి ఖర్చు మాత్రం తగ్గించేవాళ్లున్నారు. దసరాకు, సంక్రాంతికి డే కేర్ మూసే రోజులు ఏడాది మొదట్లోనే చెప్పి, అవన్నీ ఫీజులో కలిసినవేనని రాసిచ్చేవాళ్లున్నారు. డే కేర్ తనంతట తాను అనుకోకుండా మూస్తే, అంటే నడిపే ఆమెకే జ్వరం వస్తే, ఆ రోజులకు ఫీజు తగ్గించడం న్యాయమని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. ఆ రోజుల్లో జాగ ఇవ్వలేకపోయింది ఆమే కదా.

ఉద్దెర, బయానా, అడ్వాన్సు

మూడూ డబ్బు మాటలే, కానీ పుస్తకంలో మూడు వేర్వేరు చోట్ల రాయాల్సినవి. బయానా అంటే పిల్ల చేరకముందే జాగ ఆపమని ఇచ్చేది. చేరితే మొదటి నెల ఫీజులో కలుపుతారు, చేరకపోతే ఏం చేస్తారన్నది ముందే అనుకోవాలి. అడ్వాన్సు అంటే చేరేటప్పుడు ఇచ్చి, మానేసేటప్పుడు తిరిగి తీసుకునే సొమ్ము. ఉద్దెర అంటే పిల్లను చూసుకున్నా ఫీజు ఇంకా రానిది.

అన్నిటికన్నా ఎక్కువ గోల అడ్వాన్సు దగ్గర. పది మంది ఒక్కో నెల ఫీజు అడ్వాన్సుగా ఇస్తే 40,000 ఒకేసారి చేతికి వస్తుంది. గోడలకు రంగులు, కొత్త చాపలు, ఇన్వర్టర్ బ్యాటరీ అంటూ అది కరిగిపోతుంది. ఆ డబ్బు సంపాదన కాదు, పది మందికి ఉన్న బాకీ. గల్లాలో ఉన్నంత మాత్రాన అది మనదైపోదు.

ఉద్దెర సంగతి ఇంకా సున్నితం. ఫీజు నెల మొదట్లో తీసుకోవాలా, చివర్లో తీసుకోవాలా అన్న దగ్గర మొదలవుతుంది. కిరాయి ఐదో తారీఖున, ఆయా జీతం ఒకటిన ఇవ్వాలి. ప్రైవేటు కంపెనీల్లో జీతం ఏడునో పదినో పడుతుంది. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగులకు రెండు మూడు నెలలకోసారి పడిన రోజులూ ఉన్నాయి. "జీతం పడలేదక్కా" అన్న మాట చాలాసార్లు నిజమే. నలుగురు ఇరవయ్యో తారీఖున ఇస్తే 16,000 ఆగుతుంది. వచ్చిన 24,000లో తప్పనిసరి ఖర్చు, తిండి పోతే మిగిలేది వెయ్యే కాబట్టి, వదిన చిట్టీ డబ్బులో చెయ్యి పెట్టాల్సి వస్తుంది. నెల చివరికి అందరూ ఇచ్చేశారు కాబట్టి పుస్తకంలో నష్టం ఏమీ కనబడదు, కానీ చిట్టీ కట్టడానికి తెచ్చిన అప్పు మీద మిత్తి మాత్రం ఆమె కడుతుంది. వ్యాపారం లాభంలో ఉండి కూడా మనిషి అప్పులో ఉండడమంటే ఇదే.

బాకీ ఉన్నవాళ్లలో రెండు రకాలుంటారు. ఇవ్వలేనివాళ్లు తారీఖు చెబుతారు. కొంచెమైనా ఇస్తారు. ఎదురుపడితే ముందు వాళ్లే ఆ మాట ఎత్తుతారు. ఉండి ఇవ్వనివాళ్లు తారీఖు చెప్పరు, ఫీజు మాట రాగానే పాలు పల్చగా ఉన్నాయనో, బాబు బట్టలు మారాయనో ఇంకో ఫిర్యాదు ఎత్తుతారు. ఇది అన్నిసార్లూ నిజం కాకపోవచ్చు, ఆ ఫిర్యాదులో నిజం కూడా ఉండొచ్చు. అందుకే ఫిర్యాదుకు జవాబు వేరుగా, బాకీకి జవాబు వేరుగా చెప్పడం మేలని వదిన అనుభవం. రెండింటినీ ఒకే సంభాషణలో కలిపిన రోజు రెండూ తేలలేదు.

ఆరున్నరకు రావాల్సినవాళ్లు ఏడున్నరకు వస్తే

సాయంత్రం ఆలస్యాలకు జరిమానా పెట్టాలా వద్దా అన్నదానిపై ఒక ప్రసిద్ధమైన అధ్యయనం ఉంది. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో పది డే కేర్‌లను యూరీ గ్నీజీ, ఆల్డో రుస్టికీని అనే ఇద్దరు ఆర్థికవేత్తలు గమనించారు. వాటిలో ఆరు చోట్ల, పది నిమిషాలు దాటి ఆలస్యమైతే చిన్న జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గుతాయనుకుంటే పెరిగాయి, సుమారు రెట్టింపయ్యాయి. తర్వాత జరిమానా తీసేసినా మళ్లీ తగ్గలేదు. 2000లో ఆ ఫలితాలు ప్రచురించారు. వాళ్ల వివరణ ఏమిటంటే, జరిమానా లేనప్పుడు "పాపం, ఆమె ఎదురుచూస్తుంటుంది" అన్న మొహమాటం తల్లిదండ్రులను తొందరపెట్టేది. జరిమానా వచ్చాక అది ధరగా మారింది, డబ్బు కడుతున్నాం కాబట్టి మొహమాటం అక్కర్లేదనుకున్నారు.

దీన్ని చూసి జరిమానాలు పనికిరావనేవాళ్లున్నారు. జరిమానా మరీ చిన్నది కాబట్టే అట్లా జరిగిందనేవాళ్లూ ఉన్నారు. మన దగ్గర మొహమాటం ఇంకా బలమైనది. ఆంటీ, అక్కా, పెద్దమ్మా అని పిలుచుకునే చోట ఆలస్యానికి వంద రూపాయలు అడగడం అడిగేవాళ్లకే నోరు రాదు. ఆ నోరు రాకపోవడం వల్లే ఆయా రోజూ అరగంట ఊరికే ఆగుతుంది, నడిపే ఆమె సొంత పిల్లల హోంవర్క్ ఆగుతుంది.

జరిమానా కాకుండా ఆ గంటను ముందే అమ్మితే ఎట్లా ఉంటుంది? ఏడున్నర దాకా ఉంచడానికి నెలకు 800 అనుకుందాం. ఆయాకు అదనంగా 1,000 ఇవ్వాలి. ముగ్గురు ఒప్పుకుంటే 2,400 వస్తుంది, ఆమెకు మిగిలేది 1,400. 26 గంటల పనికి గంటకు 54 రూపాయలు, పగటి 65 కన్నా తక్కువ. నలుగురు ఒప్పుకుంటే గంటకు 85. అంటే నలుగురు ఉంటే తప్ప ఆ గంట గిట్టదు. ఎంజీఎంలో షిఫ్టు మార్పు ఆలస్యమై పరుగున వచ్చే నర్సుకు ఈ పద్ధతి గౌరవంగా ఉంటుంది. రోజూ దారిలో కూరగాయలు కొనుక్కుని వచ్చేవాళ్లకు ఇది ఖర్చుగా తోస్తుంది. రెండూ న్యాయమే.

డబ్బుతో పనిలేని పేచీలు

కొరికిన గాటు. చెంప మీద చిన్న గీత. డైపర్ దగ్గర ఎర్రటి దద్దు. ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలు ఒకరినొకరు కొరకడం మామూలే, మాటలు రాని వయసులో అదొక భాష. కానీ సాయంత్రం బిడ్డ చేతి మీద పళ్ల గుర్తులు చూసిన తల్లికి ఈ ముక్క చెబితే ఓదార్పు కాదు. ఆ తల్లి కోపంలో సగం బిడ్డ కోసం, సగం తను అక్కడ లేనందుకు. గంటకోసారి ఫోన్ చేసే తల్లిని కిరికిరి మనిషి అనుకునే ముందు ఆమె ఉద్యోగంలో చేరి ఎన్నాళ్లయిందో అడిగితే, చాలాసార్లు జవాబు "మొన్ననే" అని వస్తుంది.

ఇక్కడ గొడవ పెంచేదీ తుంచేదీ ఎవరు ముందు చెప్పారన్నదే. గాటు పడిన వెంటనే ఫోన్ చేస్తే అది సమాచారం. సాయంత్రం తల్లి కంటబడితే అది దాచిపెట్టిన నేరం. వదిన పుస్తకంలో ఒక్కో పిల్లకు ఒక్కో వరుస ఉంటుంది: ఎన్నింటికి తిన్నది, ఎంతసేపు పడుకున్నది, పడ్డదా, ఏడ్చిందా. రాయడానికి పది నిమిషాలు పడుతుంది. మొదట్లో నేను దీన్ని అనవసరమైన పని అనుకున్నాను. ఒకసారి "మా పాపకు మధ్యాహ్నం అన్నమే పెట్టలేదంట" అని ఒక నాయనమ్మ తగాదాకు వస్తే, ఆ వరుస చూశాక ఆమె కూర్చుని నీళ్లు తాగి పోయింది.

జ్వరం సంగతి దీనికన్నా కష్టం. 100.4 డిగ్రీలు దాటితే జ్వరమే, పంపకండని చాలా డే కేర్‌లు చెబుతాయి. నోటి చుట్టూ, చేతుల మీద, కాళ్ల మీద పొక్కులు వచ్చే వైరస్ జబ్బు ఒక పిల్లకు వస్తే వారంలో ఇంకో ముగ్గురికి అంటుకుంటుంది. అటు తల్లికి సెలవులు అయిపోయి ఉంటాయి, పొద్దున పారాసిటమాల్ సిరప్ పోసి పంపిస్తుంది, పదకొండుకు మందు ప్రభావం దిగి ఒళ్లు కాలుతుంది. ఆమెను తప్పుపట్టడం సులువు. ఉద్యోగం ఊడితే ఎవరు ఇస్తారన్నది ఆమె భయం. మిగతా తొమ్మిది మంది తల్లులకూ అదే భయం ఉంది. అందుకే ఈ ఒక్క విషయంలో మినహాయింపులు ఉండకూడదని నాకనిపిస్తుంది.

కాగితం లేకపోతే ఒప్పందం లేనట్టేనా

కాదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం నోటిమాట ఒప్పందం కూడా చెల్లుతుంది. చిక్కంతా రుజువు దగ్గరే. నెలనెలా ఒకే మొత్తం ఫోన్‌పేలో వచ్చిన చరిత్ర, ఫీజు ఇంత, సమయం ఇంత అని పంపిన వాట్సాప్ మెసేజ్, దానికి "సరే అక్కా" అన్న జవాబు, ఇవి రుజువు కింద పనికొస్తాయి. ఆలస్యానికి ఇంత కట్టాలని రాసుకున్నా, అదే చట్టంలోని 74వ సెక్షన్ ప్రకారం కోర్టు ఆ మొత్తానికి మించకుండా సహేతుకమైన పరిహారమే ఇప్పిస్తుంది. పది నిమిషాల ఆలస్యానికి వెయ్యి రూపాయలని రాసుకుంటే అంతా దక్కుతుందన్న భరోసా లేదు.

రాని ఫీజు కోసం కేసు వేయడానికి మామూలుగా మూడేళ్ల గడువుంటుంది. ఎనిమిది వేల బాకీకి ఎవరూ కోర్టు మెట్లెక్కరు. కానీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో, కేసు వేయకముందే లోక్ అదాలత్ ద్వారా రాజీకి అర్జీ పెట్టుకోవచ్చు. దానికి కోర్టు ఫీజు లేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఇస్తుంది. ఇది డే కేర్ నడిపే ఆమెకూ వర్తిస్తుంది, ఫీజు కట్టే తల్లికీ వర్తిస్తుంది.

తల్లిదండ్రుల వైపు కూడా దారి ఉంది. డబ్బు తీసుకుని చేసే సేవ కాబట్టి, లోపం ఉంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు పోవచ్చు. ఐదు లక్షల లోపు విలువకు అక్కడ ఫీజు కట్టక్కర్లేదు. అడ్వాన్సు తిరిగి ఇవ్వకపోవడం లాంటి తగాదాలు అక్కడికి పోగలవు.

ఒకటి మాత్రం రెండు వైపులా గట్టిగా తెలిసి ఉండాలి. ఫీజు కట్టేదాకా బిడ్డను ఇవ్వననడం ఏ లెక్కనా చెల్లదు. బంగారం కుదువ పెట్టినట్టు బిడ్డను కుదువ పెట్టుకోలేం. అట్లా ఆపితే అది బాకీ తగాదా దాటిపోయి నిర్బంధం కేసు అవుతుంది. వచ్చే నెల నుంచి చేర్చుకోనని చెప్పే హక్కు ఉంది, అంతవరకే.

పన్ను, జీఎస్టీ, కరెంటు మీటరు

ఈ మూడింటి మీద భయం ఎక్కువ, తెలిసింది తక్కువ. మన ఊహా లెక్కలో ఏడాది వసూలు 4,80,000. తెలంగాణలో సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరయ్యేది ఏడాదికి 20 లక్షలు దాటితేనే. కాబట్టి ఇంటి డే కేర్‌కు ఆ గొడవ లేదు. ఐటీ ఉద్యోగులు కొందరు కంపెనీలో ఫీజు క్లెయిమ్ చేసుకోవడానికి "జీఎస్టీ బిల్లు కావాలి ఆంటీ" అంటారు. పేరు, చిరునామా, పిల్ల పేరు, నెల, మొత్తం రాసి సంతకం పెట్టిన రసీదు ఇవ్వొచ్చు. రిజిస్ట్రేషన్ లేకుండా ఆ రసీదులో జీఎస్టీ వసూలు చేసినట్టు రాయడం మాత్రం చట్టం ఒప్పుకోదు.

ఆదాయపు పన్నులో చిన్న వ్యాపారులకు అంచనా లాభం పద్ధతి ఉంది. వసూలులో 8 శాతం, బ్యాంకు లేదా యూపీఐ ద్వారా వచ్చినదానికి 6 శాతం కనీస లాభంగా చూపవచ్చు, నిజంగా మిగిలింది ఎక్కువైతే ఆ ఎక్కువ చూపాలి. మన లెక్కలో ఏడాది మిగులు 2,04,000. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 4 లక్షల దాకా పన్నే లేదు. అయినా రిటర్ను వేసేవాళ్లున్నారు, ముద్ర రుణానికి పోయినప్పుడు బ్యాంకువాళ్లు అడిగే మొదటి కాగితాల్లో అదొకటి. చిన్న వ్యాపారాలు పేరు నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా ఆధార్‌తో ఉచితంగా అయిపోతుంది. భర్త జీతంతో ఆమె సంపాదన కలిసిపోయి ఆయన పన్ను పెరుగుతుందన్న భయం నేను చాలా ఇళ్లలో విన్నాను. ఆమె తన కష్టంతో సంపాదించింది ఆమె లెక్కలోనే ఉంటుంది.

కరెంటు దగ్గర చిక్కు నిజమైనది. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద తెల్ల రేషన్ కార్డున్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తోంది. 200 దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి. పిల్లల గదిలో ఏసీ గంటకు 1.2 యూనిట్లు కాలుస్తుందనుకున్నా, రోజుకు ఆరు గంటలు, 26 రోజులకు 187 యూనిట్లు దానికే పోతాయి. వరంగల్ ఎండకు ఏప్రిల్, మే నెలల్లో పసిపిల్లలను ఉక్కలో ఉంచలేం. అంటే ఏసీ అసలు ఖర్చు 187 యూనిట్ల ధర కాదు, అది పోగొట్టే జీరో బిల్లు కూడా. దీనికి తోడు, ఇంటి మీటరు గృహ కేటగిరీలోది, వ్యాపారానిది వేరే కేటగిరీ, వేరే రేటు. ఇంట్లో సాగే పని వ్యాపారం కిందికి మారిందని సిబ్బంది తనిఖీలో తేలిస్తే లెక్క మారుతుంది. నక్కలగుట్టలోని కరెంటు పంపిణీ సంస్థ (ఉత్తర డిస్కం) ఆఫీసులో ముందే అడిగి రాయించుకున్నవాళ్లు తర్వాత ఇబ్బంది పడలేదు.

జూన్ నెల

ఏడాది మొత్తంలో అన్ని ముడులూ ఒకేసారి బిగిసే నెల ఇది. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలుకాగానే పెద్ద పిల్లలు కూడా పన్నెండున్నరకు వచ్చి వాలతారు. తమ్ముడు ఎట్లాగూ ఇక్కడే ఉన్నాడు కదా అని అక్కను కూడా పంపిస్తారు, దానికి ఫీజు అడగాలా వద్దా అని వదిన నెలంతా నలుగుతుంది. ఏప్రిల్ చివర సెలవులు రాగానే టీచర్ల పిల్లలు రావడం మానేస్తారు, వాళ్ల తల్లి ఇంట్లోనే ఉంటుంది కాబట్టి. మళ్లీ జాగ ఆపాలి, ఫీజు ఇవ్వరు. ఆ రెండు నెలలకు సగం ఫీజు అని కొందరి దగ్గర ఒప్పందం, పూర్తిగా మానేసి జూన్‌లో ఖాళీ ఉంటేనే చేరడం అని ఇంకొందరి దగ్గర.

జూన్ 12న బడులు తెరుస్తారు. మూడేళ్లు నిండిన పిల్లలు నర్సరీకి పోతారు. పది మందిలో ముగ్గురు పోయారనుకుందాం. ఏడుగురి ఫీజు 28,000, తిండి 3,500, తప్పనిసరి ఖర్చు 18,000. మిగిలేది 6,500. అదే నెలలో పోయిన ముగ్గురి అడ్వాన్సు 12,000 తిరిగి ఇవ్వాలి. అది ఖర్చయిపోయి ఉంటే ఆ నెల ఆమె 5,500 అప్పు చేయాలి. విడిగా ఉంటే 6,500 చేతిలో పడతాయి. "అడ్వాన్సు తిప్పి ఇయ్యమంటే సతాయిస్తున్నది" అని తల్లిదండ్రులు చెప్పుకునే డే కేర్‌లలో చాలావాటి కథ ఈ జూన్ లెక్కే. ఆమెకు ఎగ్గొట్టే ఉద్దేశం ఉండదు, ఇవ్వడానికి ఆ నెలలోనే డబ్బు ఉండదు.

రెండేళ్ల కింద ఇట్లే ఇరుక్కున్నాక వదిన అడ్వాన్సుల కోసం పోస్టాఫీసులో వేరే ఖాతా తెరిచింది. ఈసారి నర్సరీకి పోయే ముగ్గురి పన్నెండు వేలు అందులోనే ఉన్నాయి. ఖాళీ అయ్యే మూడు జాగలకు పుస్తకం చివరి పేజీలో ఇద్దరి పేర్లు రాసి ఉన్నాయి. ఒకామె బయానా ఇచ్చిపోయింది. ఇంకొకామె జీతం పడ్డాక ఇస్తానన్నది, పక్కన పదో తారీఖు అని రాసుంది.